కరక్కాయ, సొంఠి, బెల్లం: చైనా సన్యాసి రాసుకున్న మన వంటింటి మందు

ఇవాళ ఎపిసోడ్ ఒక మందుతో మొదలుపెడదాం. కరక్కాయ పెచ్చు, సొంఠి, చక్కెర. మూడూ సమానంగా తీసుకోవాలి. మొదటి రెండూ దంచి, నాలుగు నీటి చుక్కలతో చక్కెర కలిపి, చిన్న చిన్న ఉండలు చేసుకోవాలి. అజీర్తికి, విరేచనాలకి పొద్దున్నే వేసుకోవాలి.

"ఓస్, ఇదేనా? చక్కెర బదులు బెల్లం వేసి మా నాయనమ్మ చేసేది" అంటారు మీలో కొందరు. రేపల్లెలో మా అమ్మమ్మ కూడా చేసేది. హార్లిక్స్ సీసాలో ఉండేవి ఆ ఉండలు. తెనాలి నుంచి సెలవులకి వెళ్ళి, మామిడికాయలు తిని కడుపు పాడు చేసుకున్న ప్రతిసారీ మాకు అదే శిక్ష.

కానీ ఇప్పుడు నేను చెప్పింది అమ్మమ్మ చెప్పిన మందు కాదండీ. పదమూడు వందల ఏళ్ళ కిందట ఇత్సింగ్ అనే చైనా బౌద్ధ సన్యాసి తన పుస్తకంలో రాసిన మందు. స్కూల్లో హుయాన్ త్సాంగ్ పేరు పక్కనే చదివి ఉంటారు ఈయన పేరు కూడా.

ఇత్సింగ్ క్రీ.శ. 671లో చైనా నుంచి ఓడ ఎక్కాడు. సుమత్రా మీదుగా బెంగాల్ తీరంలో తామ్రలిప్తి రేవులో దిగాడు. నలందలో సుమారు పదేళ్ళు ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో సుమత్రాలో ఆగి, ఇక్కడ చూసినవన్నీ రాసి, 692లో చైనాకి పంపాడు. ఇక్కడి సన్యాసులు ఎలా తింటారు, ఎలా పళ్ళు తోముకుంటారు, జబ్బు చేస్తే ఏం చేస్తారు, అన్నీ ఉన్నాయి అందులో. 1896లో తకకుసు అనే జపాన్ పండితుడు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, నేనూ అలాగే చదివాను.

జబ్బు చేస్తే ముందు తిండి మానెయ్యమంటాడు ఆయన. మనవాళ్ళు లంఖణం పరమౌషధం అంటారే, అచ్చంగా అదే. ఆ తర్వాత చెప్పే మందుల్లో ఒకటి ఈ మూడు సరుకుల ఉండ. రోజూ ఒక కరక్కాయ కొరికి రసం మింగితే జబ్బే రాదని కూడా రాశాడు. అది కొంచెం అతిశయోక్తి అనుకోండి.

సరే, చైనాకి కరక్కాయ సంగతి చెప్పింది ఇత్సింగేనా? కాదు. ఆయన ఓడ ఎక్కడానికి పన్నెండేళ్ళ ముందే, 659లో, టాంగ్ రాజుల ఆజ్ఞతో తయారైన ప్రభుత్వ మూలికల గ్రంథంలో కరక్కాయ ఉంది. అక్కడ దాని పేరు 'హెలిలె'. పలికి చూడండి, మన సంస్కృతం 'హరీతకి'కి దూరపు చుట్టంలా లేదూ? వస్తువుతో పాటు పేరు కూడా ప్రయాణం చేసింది.

ఇంకా వెనక్కి వెళ్దాం. చైనా వైద్యంలో ఝాంగ్ జోంగ్‌జింగ్ అని ఒక మహానుభావుడు ఉన్నాడు. రెండో శతాబ్దం చివరివాడు. మనకి చరకుడు ఎలాగో వాళ్ళకి ఆయన అలాగ. ఆయన పేరుతో ఉన్న గ్రంథంలో గ్యాస్‌తో కూడిన విరేచనాలకి ఒక మందు ఉంది. పది కరక్కాయలు కాల్చి, పొడి చేసి, గంజితో తాగాలి. అంతే, వేరే ఏమీ లేదు. ఆ గ్రంథం మనకి అందిన రూపం పదకొండో శతాబ్దంలో సరిచేసింది, కాబట్టి ఈ మందు తర్వాత ఎవరో చేర్చి ఉంటారనే పండితులూ ఉన్నారు. ఎలా చూసినా, చైనా వైద్యుడు చైనా రోగికి గంజిలో కరక్కాయ పొడి కలిపి ఇచ్చాడు. ఇవాళ్టికీ చైనా వైద్యంలో దీర్ఘకాలపు విరేచనాలకి వాడే మందుల్లో కరక్కాయ ఒకటి.

మరి మన కృష్ణా డెల్టాకి ఇందులో ఏమైనా భాగం ఉందా? ఇత్సింగ్ ఇటు వచ్చినట్టు లేదు. కానీ ఆయనకంటే ముందు, 639 ప్రాంతంలో, హుయాన్ త్సాంగ్ ధాన్యకటకం వచ్చాడు. అంటే మన అమరావతి పక్కన ధరణికోట. ఇక్కడి పండితుల దగ్గర కొన్ని నెలలు కూర్చుని చదువుకున్నాడు.

అంతకంటే పాతది కావాలంటే తెనాలిలో రేపల్లె బండి ఎక్కండి. వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడ స్తూపం తవ్వితే ధాతు పేటికలు బయటపడ్డాయి. వాటి మీది అక్షరాలు క్రీస్తుకి పూర్వం నాటివి. చిన్నప్పుడు ఎన్నిసార్లో ఆ స్టేషన్ మీదుగా వెళ్ళాను, ఒక్కసారీ దిగలేదు.

బౌద్ధ సన్యాసులకి వినయపిటకం అనే నియమాల గ్రంథం ఉంది. జబ్బు చేస్తే దగ్గర ఉంచుకోదగ్గ మందుల జాబితా కూడా ఉంది అందులో. పిప్పళ్ళు, మిరియాలు, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. చివరి మూడూ కలిపితే మన త్రిఫల. బౌద్ధం ఎక్కడికి నడిచి వెళ్తే సన్యాసి సంచిలో ఇవీ వెళ్ళాయి. భట్టిప్రోలులో ఉన్న సన్యాసుల సంచిలోనూ ఉండి ఉంటాయని అనుకోవడంలో తప్పులేదు. డెల్టాలో కరక్కాయ చెట్లు ఎక్కడున్నాయి చెప్పండి? అది కొండ సరుకు. అప్పుడూ అడవి నుంచే రావాలి, ఇప్పుడూ అడవి నుంచే రావాలి.

కరక్కాయ పనిచేయడానికి కారణం కూడా ఉంది. నమిలితే నోరంతా వగరు. ఆ వగరు టానిన్లది. టానిన్లు పేగు లోపలి పొరని బిగిస్తాయి. అదే కాయ మోతాదు పెంచితే విరేచనం చేయిస్తుంది కూడా. అందుకే చైనావాళ్ళు విరేచనాలు కట్టడానికి కాల్చి వాడతారు. మన ఆయుర్వేదం కూడా నమిలితే ఒక గుణం, నూరితే ఒక గుణం, ఉడికిస్తే ఇంకో గుణం అని విడివిడిగా చెప్పింది.

ఇక్కడిదాకా వింటే గర్వంగానే ఉంటుంది. నాకూ ఉంది. కానీ ఇత్సింగ్ రాసిన ఇంకో వాక్యం ఉంది, ఈ ఎపిసోడ్ చేసింది దాని కోసమే.

పొద్దున పది ఉండలకి మించొద్దు అన్నాడాయన. విరేచనాలైతే రెండు మూడు మోతాదులు చాలు, తగ్గిపోతాయి అన్నాడు. చూశారా, లెక్క చెప్పాడు. ఎంత వేసుకోవాలో చెప్పాడు, ఎన్నిసార్లకి పనిచేయాలో కూడా చెప్పాడు.

బాపట్లలో మా బాబాయి ఉన్నాడు. రెండేళ్ళ కిందట ఆయనకి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నాయి. ఎవరో పొట్ట సమస్యలన్నిటికీ ఒకటే చూర్ణం అని అమ్మితే కొన్నాడు. కరక్కాయే ప్రధానం అన్నారట. ఒక డబ్బా అయ్యాక ఇంకో డబ్బా, అలా ఎనిమిది నెలలు వాడాడు. పద్నాలుగు కిలోలు తగ్గాడు. సాయంత్రాలు జ్వరం వచ్చేది. "ప్రకృతి మందు కదరా, నిదానంగా పనిచేస్తుంది" అనేవాడు. నేను కూడా "అవును బాబాయ్, మన పూర్వీకుల మందు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

గుంటూరు తీసుకెళ్తే కొలనోస్కోపీ చేశారు. పేగుల్లో టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడాడు. ఇప్పుడు బాగున్నాడు, పొలం పనులు చూసుకుంటున్నాడు. డాక్టరుగారు అడిగింది ఒకటే ప్రశ్న. "ఎనిమిది నెలలు దేనికోసం ఆగారు?"

అప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చింది. ఉండలు చేతిలో పెడుతూ ఆమె ఎప్పుడూ ఒక మాట అనేది. "మూడు రోజులు చూద్దాం. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోదాం." మేం ఉండలు గుర్తుపెట్టుకున్నాం, ఆ మాట మర్చిపోయాం.

ఇక్కడ ఇంకో తెలుగాయన కథ చెప్పాలి, ఎందుకంటే ఆయన కథ కూడా తగ్గని విరేచనాలతోనే మొదలైంది. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములని పోగొట్టుకున్నాడు. పేగులు తిండిని ఒంటికి పట్టించుకోలేని జబ్బు అది. మన పాతకాలపు వైద్యులు గ్రహణి అనే లెక్కలో వేసేవారు. ఆ జబ్బు సుబ్బారావుకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నాడని చెబుతారు. తర్వాత మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే పాఠాలు చెప్పాడు.

ఆయన అక్కడితో ఆగలేదు. 1923లో అమెరికా వెళ్ళాడు. 1945లో, లెడర్లీ సంస్థలో, ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. ఇవాళ్టికీ స్ప్రూకి యాంటీబయాటిక్స్‌తో పాటు ఇచ్చేది అదే. తనని బతికించిన వైద్యాన్ని ఆయన వెక్కిరించలేదు. అలాగని పూజించి వదిలెయ్యనూ లేదు. అన్నదమ్ములు ఎందుకు పోయారు అన్న ప్రశ్నని వదల్లేదు.

నాకు అర్థమైంది ఇంతే. చైనా సన్యాసి, భీమవరం సుబ్బారావు, రేపల్లె అమ్మమ్మ, ముగ్గురూ మందు పనిచేస్తోందా లేదా అని కళ్ళు తెరుచుకుని చూసినవాళ్ళు. పాతది కాబట్టి మంచిదే అని వాళ్ళెవరూ అనలేదు. ఆ మాట మనం అంటున్నాం, డబ్బా మీద రాసి అమ్మేవాళ్ళు అంటున్నారు.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి మందులు రాసి పెట్టుకోండి. కూడా ఎన్ని రోజులు వాడాలో, ఎప్పుడు ఆపాలో అడిగి అదీ రాసుకోండి. బరువు తగ్గుతున్నా, జ్వరం వస్తున్నా, రక్తం పడుతున్నా ఒక్క రోజు కూడా ఆగొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఈసారి రేపల్లె వెళ్ళినప్పుడు నేను భట్టిప్రోలులో దిగుతాను.