మాల్ ఎవరి జిమ్మాలో ఉంది?

మనం తెలుగులో రోజూ వాడే "రవానా" అనే మాట ఫార్సీ నుంచి వచ్చింది. బయలుదేరడం, సాగిపోవడం అని దాని మానే. "రసీదు" కూడా ఫార్సీదే. "చేరింది" అనే అర్థమున్న మాట అది. అంటే రసీదు అసలు పని డబ్బు లెక్క చెప్పడం కాదు, మాల్ చేరిందని గవాహీ ఇవ్వడం. కిరాయి, హమాలీ, దళారి మూడూ అరబ్బీ మూలం ఉన్నవే. హమ్మాల్ అంటే బరువు మోసేవాడు, దల్లాల్ అంటే దారి చూపి బేరం కుదిర్చేవాడు. బీమాలో ఉన్న "బీమ్" అంటే ఫార్సీలో భయం. భయం ఉన్నచోటే బీమా పుట్టింది.

ఈ మాటలు తెలిసిన మనమే, ఇంగ్లీషు అక్షరాల్లో టేర్, డెమరేజ్, ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ అని కనబడగానే బెదిరిపోయి, చూపించిన చోట దస్తఖత్ పెట్టేస్తాం. నా ఖయాల్లో ఈ సరకు రవానా మాటలన్నీ తిరిగేది ఒకే సవాల్ చుట్టూ. ఈ క్షణంలో మాల్ ఎవరి జిమ్మాలో ఉంది? నుక్సాన్ వస్తే ఎవరు భరించాలి? ఇది పట్టుకుంటే మిగతా కథంతా ఆసాన్ అవుతుంది.

కథ సముద్రం దగ్గర మొదలుపెడదాం. మచిలీపట్నాన్ని మన పెద్దలు బందరు అంటారు. ఫార్సీలో బందర్ అంటే రేవు. ఊరి పనే ఊరి పేరయిపోయింది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో అక్కడి నుంచి అద్దకం బట్టలు ఓడలెక్కి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ దాకా పోయేవి. ఓడను నడిపించే పెద్దను నాఖుదా అనేవాళ్లు. మన కడప జిల్లాకూ ఆ రేవుకూ ఒక రిష్తా ఉంది. 17వ శతాబ్దం మధ్యలో గండికోటను పట్టుకున్న మీర్ జుమ్లా ఒట్టి ఫౌజీ కాదు. వజ్రాల సౌదాగర్, సొంత ఓడలున్న మనిషి.

ఆ రేవులోనే ఒక కాగితం మన తారీఖ్‌లో నిలిచిపోయింది. 1632లో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషు కంపెనీకి ఒక ఫర్మానా ఇచ్చాడు. దాన్నే బంగారు ఫర్మానా అంటారు. ఏడాదికి 500 వరహాలు కడితే చాలు, గోల్కొండ రేవుల్లో కంపెనీ స్వేచ్ఛగా తిజారత్ చేసుకోవచ్చు. మామూలుగా సుంకం సరకు విలువను బట్టి పెరుగుతుంది. ఇక్కడ మొత్తం ఖరారైపోయింది. వ్యాపారం ఎంత పెరిగినా కట్టేది అంతే. కాగితం మీది ఒక్క షరతు ఎవరికి ఎంత ఫాయిదా ఇస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి మిసాల్ నాకు దొరకలేదు.

రేవులో ఏ సరకుకు ఎంత సుంకమో చెప్పే జాబితాను ఇప్పుడు టారిఫ్ అంటున్నారు. అది అరబ్బీ "తారీఫ్" నుంచి ఇటలీ మీదుగా ఇంగ్లీషులోకి పోయింది. ఉర్దూలో తారీఫ్ అంటే మెచ్చుకోవడం అయింది గానీ అసలు అర్థం తెలియజేయడం. ధర ముందే తెలియజేయాలన్నది ఆ మాటలోనే ఉంది.

తూకం దగ్గరికి వస్తే టేర్ అనే మాట ఉంది. ఇదీ అరబ్బీ "తర్హ్" నుంచి పోయిందే, తీసేయడం అని మానే. ధర్మకాటా మీద లారీని లోడుతో తూస్తే వచ్చేది గ్రాస్. ఖాళీ లారీ బరువు టేర్. గ్రాస్‌లోంచి టేర్ తీసేస్తే మిగిలే అసలు మాల్ బరువు నెట్. రైతుకు డబ్బు రావాల్సింది నెట్ మీద. అందుకే ఖాళీ బండిని కళ్లముందు తూయించుకోవడం రైతు హక్కు.

ఇంకో మాట యావరేజ్. బళ్లో లెక్కల అయ్యవారు చెప్పిన సగటే ఇది, కానీ పుట్టింది ఓడల్లో. అరబ్బీలో "అవార్" అంటే పాడైన సరకు, నష్టం. తుఫానులో ఓడను కాపాడటానికి కొన్ని మూటలు సముద్రంలో పారేస్తే, ఆ నష్టం మూటలు పోయినవాడొక్కడిదే కాదు. సరకు దక్కినవాళ్లందరూ, ఓడ యజమానితో సహా, వాళ్ల వాళ్ల వాటా ప్రకారం భరించాలి. ఈ ఖానూన్‌ను జనరల్ యావరేజ్ అంటారు. ఇది పాతకాలం ముచ్చట కాదు. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే ఓడ సూయెజ్ కాలువలో అడ్డం పడింది. 29న కదిలింది. తర్వాత దాని యజమానులు జనరల్ యావరేజ్ ప్రకటించారు. అందులో సరకున్నవాళ్లు, తమ సరకు చెడకపోయినా, ఖర్చులో వాటాకు హామీ ఇస్తేగానీ మాల్ చేతికి రాని పరిస్థితి వచ్చింది. బీమా ఉన్నవాళ్ల తరఫున బీమా కంపెనీ హామీ ఇస్తుంది. లేనివాళ్లు జేబులోంచి కట్టాల్సిందే.

సముద్రం లేని మన సీమకు ఈ మాటలు రైలెక్కి వచ్చాయి. అంతకుముందు ఇక్కడ ఉప్పు, ధాన్యం లంబాడీల ఎద్దుల మీద కదిలేవి. 19వ శతాబ్దంలో మద్రాసు–బొంబాయి లైను కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగా పడింది. దానితో గూడ్స్ షెడ్ వచ్చింది, వ్యాగన్ వచ్చింది, వాటి వెంటే రెండు జుర్మానాలు వచ్చాయి. ఇచ్చిన గడువులోగా వ్యాగన్‌లో సరకు ఎక్కించకపోతే, దించకపోతే పడేది డెమరేజ్. దించిన సరకును రైల్వే స్థలంలో గడువు దాటి ఉంచితే పడేది వార్ఫేజ్. మొదటిది బండిని ఆపినందుకు, రెండోది జాగాను ఆక్రమించినందుకు. ఓడరేవుల్లోనూ ఇదే తరీఖా. కంటైనర్ రేవు లోపల గడువు మించి ఉంటే డెమరేజ్, బయటికి తెచ్చుకుని ఖాళీ పెట్టెను వేళకు వాపసు ఇవ్వకపోతే డిటెన్షన్.

ఇప్పుడు మన మట్టి సంగతి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు ఒక పాత రాతి పొరకు మన ఊరి పేరే పెట్టి వేంపల్లె ఫార్మేషన్ అంటారు. అందులో ముగ్గురాయి తీగలున్నాయి. జిల్లాకు అవతలి వైపున్న మంగంపేటలో ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి ఉంది. ఈ రాయి చాలా బరువు. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచడానికి దీని పొడిని బురదలో కలిపి పంపుతారు. గల్ఫ్ దేశాల బావులకూ ఇది కావాలి. పులివెందుల వైపు పండే అరటి కూడా చల్లని కంటైనర్లలో గల్ఫ్ బాట పడుతోంది.

ఇలాంటి బేరాల్లోనే ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ వస్తాయి. ప్యారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో మొదటిసారి ఇలాంటి మాటలకు అర్థాలు ఖాయం చేసింది. ఎఫ్‌ఓబీ అంటే సరకును రేవులో ఓడ మీదికి ఎక్కించేదాకా అమ్మినవాడి జిమ్మా, ఆ తర్వాత కొన్నవాడిది. సీఐఎఫ్‌లో ఓడ కిరాయి, బీమా అమ్మినవాడే కడతాడు. చాలామంది పొరబడేది ఇక్కడే. కిరాయి అవతలి రేవుదాకా కట్టాడు కాబట్టి నష్టం కూడా అక్కడిదాకా అమ్మినవాడిదే అనుకుంటారు. కాదు. సీఐఎఫ్‌లో కూడా సరకు ఓడ ఎక్కగానే నుక్సాన్ భారం కొన్నవాడి మీదికి మారిపోతుంది. డబ్బు కట్టేవాడు వేరు, జిమ్మేదార్ వేరు.

మన ఫిఖ్‌హ్‌కు ఈ ఫరక్ కొత్త కాదు. మనం కబ్జా అంటే భూమి ఆక్రమణే అనుకుంటున్నాం గానీ, అసలు మాట సరకును తన అధీనంలోకి తీసుకోవడం. ధాన్యం కొన్నవాడు అది తన కబ్జాలోకి రాకముందే ఇంకొకడికి అమ్మొద్దని హదీసుల్లో ఉంది. నష్టం తన మీద లేని సరకు మీద లాభం తినడం సరికాదన్నది ఆ హుకుమ్ వెనకున్న ఇన్సాఫ్.

ఈ ఇల్మ్ పెద్ద సౌదాగర్లకే అనుకోవద్దు. మన వేంపల్లెలో కువైట్‌తో రిష్తా లేని మొహల్లా లేదు. అక్కడి నుంచి మన బిడ్డలు పంపే కార్గో పెట్టెకూ ఇవే ఉసూళ్లు. విమానంలో పంపితే బరువు రెండు రకాలుగా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 6000తో భాగిస్తారు. 60, 50, 50 కొలతలున్న పెట్టె 25 కిలోల లెక్కకు వస్తుంది. లోపల ఉన్నవి 12 కిలోల దుప్పట్లే అయినా కిరాయి 25కే. డోర్ టు డోర్ అంటే ఇంటిదాకా కిరాయి అని అర్థం. కస్టమ్స్ సుంకం అందులో కలిసిందో లేదో విడిగా అడగాలి. పగిలితే, పోతే ఎంత ఇస్తారన్నది రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎడారి ఎండలో సంపాదించిన హలాల్ కమాయీ ఆ చిన్న అక్షరాల్లో పోగొట్టుకోవద్దు.

ఇంట్లో పదో తరగతి చదివే ఆడపిల్ల ఉంటే ఆమెతో చదివించండి. అర్థం కాకపోతే అడగడానికి షరం పడొద్దు. ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. అది చెప్పేది అప్పులూ లావాదేవీల గురించే. గడువు పెట్టుకున్న బాకీని రాసుకోమంది, ఇన్సాఫ్‌తో రాసేవాణ్ని పెట్టుకోమంది, గవాహీ ఉంచుకోమంది. బలహీనుడైనవాడి తరఫున, తానే చెప్పి రాయించలేనివాడి తరఫున అతని వలీ నిలబడి చెప్పాలంది. మన మొహల్లాలో చదువుకున్న ప్రతి పిల్లా ఆ కాగితాల ముందు మన పెద్దలకు అలా నిలబడాలి.