చుట్టకుదురు నుంచి గని టోపీ దాకా

మా ఇంటి వెనక గదిలో ఒక చిలక్కొయ్య ఉంది. చాలా ఏళ్లు దానికి రెండు వస్తువులు వేలాడుతుండేవి. ఒకటి మా జేజి చుట్టకుదురు. పాతచీర పేలికలు మెలిపెట్టి గుండ్రంగా చుట్టి నారతో బిగించినది. రెండవది మా చిన్నాయన గని టోపీ, అంటే హెల్మెట్టు. కొన్నప్పుడు పసుపుపచ్చగా ఉండేదట. నాకు తెలిసేనాటికే సండూరు కొండల ఎర్రదుమ్ము పట్టి ఇటుకరంగుకు తిరిగింది.

జేజి క్వారీలో కంకర గంపలు మోసిన మనిషి. చిన్నాయన టోపీ చూసి, "నీకు వాళ్లిచ్చినారు. మాది మేమే చేసుకుంటిమి" అనేది. అందరం నవ్వేవాళ్లం. ఆమె పోయిన ఎన్నో ఏళ్లకు, పనివాళ్ల రక్షణ సామగ్రి చరిత్ర చదవడం మొదలుపెట్టాక, ఆ మాటలో ఎంత నిజముందో నాకు తెలిసింది. రాజుల కిరీటాల గురించీ, యోధుల కవచాల గురించీ మన పుస్తకాల్లో చాలా ఉంది. కూలివాడి తల మీద ఏముండేదో రాసినవాళ్లు తక్కువ. బళ్లారి సీమలో రాయితోనూ, ఖనిజంతోనూ బతికిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి గనుక, ఆ ముక్క మన పత్రికలోనే చెప్పుకోవడం న్యాయమనిపించింది.

రాతిపని మన సీమకు కొత్తది కాదు. బళ్లారి పక్కనే ఉన్న సంగనకల్లు, కుప్పగల్లు కొండల్లో సుమారు ఐదు వేల ఏళ్ల నాడే మనుషులు నల్లరాతి గొడ్డళ్లు తయారుచేశారు. అక్కడి హిరేగుడ్డ మీద రాతి పెచ్చులు కుప్పలుగా దొరికాయి. అంతటి కర్మాగారంలో కళ్లద్దాలు లేవు, చేతితొడుగులు లేవు. పెచ్చు ఎగిరి కంట్లో పడితే అంతే సంగతులు. ఆ నాటి నుంచి మొన్నమొన్నటి ఒడ్డెర కుటుంబాల దాకా, రాయి కొట్టేవాడి రక్షణ అంటే వేళ్లకు చుట్టుకున్న గుడ్డపేలిక, ముఖం పక్కకు తిప్పుకునే అలవాటు, ఈ రెండే.

కంటికి కనిపించే దెబ్బ ఒక ఎత్తు, కనిపించని దుమ్ము మరొక ఎత్తు. యూరపులో గనుల శాస్త్రానికి మూలగ్రంథమనదగిన పుస్తకాన్ని అగ్రికోలా అనే జర్మన్ పండితుడు రాశాడు. అది 1556లో అచ్చయింది. గనివాళ్లు ముఖానికి వదులైన ముసుగు వేసుకోవాలని, మోచేతుల దాకా తోలు తొడుగులు, ఎత్తైన బూట్లు తొడుక్కోవాలని అందులో చెప్పాడు. కార్పేతియన్ కొండల గనుల్లో ఒక్కొక్క స్త్రీ ఏడుగురు భర్తలను పెళ్లాడిందని, ఏడుగురినీ దుమ్ము తెచ్చిన క్షయరోగమే పొట్టన పెట్టుకుందని కూడా అందులోనే రాశాడు. హంబోల్ట్, ప్రష్యా గనుల అధికారిగా ఉన్న కాలంలో, గనివాళ్ల కోసం ఊపిరి తొడుగొకటి రూపొందించాడు. అంటే దుమ్ము చంపుతుందని తెలియక కాదు.

తెలిసీ ఏం జరిగిందో చూడడానికి యూరపు దాకా పోనక్కరలేదు. మన రాష్ట్రంలోనే కోలారు బంగారు గనులున్నాయి. తమిళులతో పాటు తెలుగువాళ్లూ తరతరాలుగా దిగిన గనులవి. 1940లలో అక్కడ 7,653 మంది కార్మికులను పరీక్షించిన వైద్యులు నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేల్చారు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుని గట్టిపడిపోయే జబ్బు అది. దానికి మందు లేదు. ముఖానికి గుడ్డ కట్టుకుంటే ఆ సన్నటి పొడి ఆగదు. నీళ్లు చిమ్ముతూ రాయి తొలవడం, గాలి ఆడేలా చూడడం మొదటి రక్ష. తొడుగు చివరిది. ఈ వరుసను తలకిందులు చేసి, "మాస్కు ఇచ్చాం గదా" అనడం ఖర్చు తగ్గించుకునే పద్ధతి. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి గాని, ఊపిరిలోకి పోయిన రాయి గనితో పాటు మూతపడదు.

ఇక తల సంగతికి వద్దాం. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో బుల్లార్డ్ అనే కుటుంబం గనివాళ్లకు దీపాలూ సామాన్లూ అమ్మేది. ఆ ఇంటి కొడుకు మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగివస్తూ సైనికుల ఇనపటోపీ తెచ్చాడు. యుద్ధంలో తలను కాపాడినది గనిలో ఎందుకు కాపాడదన్నది అతని ఆలోచన. 1919లో కాన్వాసు గుడ్డను ఆవిరిపట్టి, జిగురుతో గట్టిపరిచి, నల్లరంగు పూసి ఒక టోపీ చేశాడు. లోపల తలకు తగిలే చోట పట్టీలు అమర్చాడు.

ఆ పట్టీల దగ్గర కొంచెం ఆగాలి. హెల్మెట్టులో తలను కాపాడేది పైడిప్ప ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. డిప్ప రాయిని ఆపుతుంది, నిజమే. కాని ఆ దెబ్బను పంచుకుని మింగేది లోపలి పట్టీల అల్లిక. డిప్పకూ తలకూ మధ్య రెండు మూడు వేళ్ల ఖాళీ ఉండాలి. పట్టీలు తెగిన హెల్మెట్టు నెత్తిన బోర్లించిన చట్టి లాంటిది. మా జేజి చుట్టకుదురు చేసే పనీ దాదాపు ఇదే. గంప అడుగును నేరుగా నడినెత్తికి తగలనీయక, బరువును చుట్టూ పంచుతుంది. కన్నడంలో దాన్ని సింబి అంటారు. పేరేదైనా, పేటెంటు ఎవరికీ లేదు. ఆడవాళ్లు తమ తలల కోసం తామే కనిపెట్టుకున్నది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోనే 1933లో గోల్డెన్ గేట్ వంతెన పని మొదలైంది. అక్కడ గట్టి టోపీ లేనివాడిని పనిలోకి రానివ్వలేదు. వంతెన కింద వల కట్టారు. ఆ వల పంతొమ్మిది మందిని కాపాడింది. అయినా 1937లో పని పూర్తయ్యేలోగా పదకొండు మంది చనిపోయారు.

మన తుంగభద్ర ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది 1945 ఫిబ్రవరిలో. నీళ్లు వదిలింది 1953లో. సిమెంటు బదులు సుర్కీ, సున్నంతో రాయి పేర్చి కట్టారు. వేపా కృష్ణమూర్తి, తిరుమల అయ్యంగారు వంటి ఇంజనీర్లు యంత్రాల కంటే మనుషుల చేతులనే ఎక్కువగా నమ్ముకుని పథకం వేశారు. వేలమందికి తిండి దొరికింది. ఆ కాలంలో మన దేశంలో చాలాచోట్ల కూలివాడి తల మీద తలగుడ్డ, కూలిమనిషి తల మీద చుట్టకుదురు, అంతే. ఇనుము, మాంగనీసు, బంగారం వంటి గనుల కోసం 1961లో కేంద్ర ప్రభుత్వం నియమావళి చేశాక పాదరక్షలూ, హెల్మెట్టూ క్రమంగా మనవాళ్ల దాకా వచ్చాయి. 1977లో దోణిమలై ఇనుపగని మొదలయ్యేనాటికి మా వైపు పిల్లలకు గని టోపీ చూసి తెలిసిన వస్తువే.

రక్షణ వస్తువు వచ్చినంత మాత్రాన రక్షణ వచ్చినట్టు కాదని చెప్పడానికి దీపం కథ ఒకటి చాలు. 1812లో ఇంగ్లండులో ఫెల్లింగ్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 92 మంది పోయారు. మూడేళ్లకు హంఫ్రీ డేవీ సన్నటి తీగజల్లెడ చుట్టిన దీపం చేశాడు. జల్లెడ వేడిని లాగేస్తుంది గనుక లోపలి మంట బయటి వాయువును అంటుకోదు. డేవీ దానికి పేటెంటు కూడా తీసుకోలేదు. ఆ మంచి మనసు ఫలితం ఏమిటి? ప్రమాదమని వదిలేసిన గనులను, దీపం ఉంది గదా అని యజమానులు మళ్లీ తెరిచారు. కొన్ని చోట్ల చావులు తగ్గకపోగా పెరిగాయి. తరువాత 1914 ప్రాంతంలో రయాన్, డైక్ అనే ఇద్దరు అమెరికన్ గని ఇంజనీర్లు ఎడిసన్ సహాయంతో టోపీకి తగిలించే విద్యుద్దీపం తెచ్చారు. బ్యాటరీ నడుముకు, దీపం నుదుటికి. దానితో మంట అవసరం లేకుండానే రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. 1889 నుంచి బొగ్గు తవ్వుతున్న సింగరేణి సీమలో బంధువులున్నవాళ్లకు ఈ నుదుటి దీపం పరిచయమే. మన కొండల్లో గనులు ఆకాశం కింద తవ్వేవి గనుక దాని అవసరం అంతగా పడలేదు.

కనిపెట్టినవాడు ఎవరన్నదీ ఒక్కోసారి అడ్డమయింది. క్లీవ్‌లండులో గారెట్ మోర్గన్ అనే నల్లజాతి మనిషి, బానిసత్వం చూసిన తల్లిదండ్రుల కొడుకు, అగ్నిమాపక దళం కోసం పొగ ముసుగు కనిపెట్టి 1914లో పేటెంటు పొందాడు. నల్లవాడి సరుకంటే కొనరని, ప్రదర్శనల్లో ఒక తెల్ల నటుణ్ణి కనిపెట్టినవాడిగా నిలబెట్టేవాడట. 1916 జూలైలో ఈరీ సరస్సు కింది సొరంగంలో పేలుడు జరిగినప్పుడు ఆ ముసుగు తగిలించుకుని తమ్ముడితో సహా తానే లోపలికి దిగి మనుషులను పైకి తెచ్చాడు. ఆ వార్తతో పాటు అతడెవరో బయటపడగానే, కొన్ని ఊళ్లు ఇచ్చిన ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. ఊపిరి నిలిపే వస్తువుకు కూడా జాతి చూసినవాళ్లున్నారు.

జాతి అలా అడ్డమైతే, భాష మరొక విధంగా అడ్డమవుతుంది. ఈ సంగతి పుస్తకాల్లో దొరికింది కాదు, మా ఇంట్లో జరిగింది.

1980లలో మా చిన్నాయన ఒక గనిలో పని చేసేవాడు. దాని పేరు ఇక్కడ అనవసరం. ఆయన చదివింది తెలుగు బడిలో అయిదో తరగతి దాకా. కన్నడం మాత్రం గడగడా మాట్లాడేవాడు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే గదా అని మీరనవచ్చు. నిజమే, అచ్చు అక్షరాలైతే కూడబలుక్కుని చదివేవాడు. ఆ రోజు బోర్డు మీద సుద్దముక్కతో గొలుసుకట్టుగా రాశారు. రోజూ పేల్చే వేళకే పేలుస్తారనీ, అయితే ఆ రోజు పడమటి అంచున కూడా పేలుస్తారనీ దాని భావం. ఆయనకు వేళ అర్థమైంది. చోటు అర్థం కాలేదు. విజిల్ వినగానే, ఎప్పటిలాగే వెళ్లి పడమటి అంచు చాటునే కూర్చున్నాడు. ఒక రాయి టోపీ మీద పడింది. రెండవది మోచేతి మీద పడింది. తల నిలిచింది, చెయ్యి మళ్లీ చాపుకోలేకపోయాడు. "టోపీ బతికిచ్చెరా. బోర్డే బతికీలేదు" అనేవాడు, ఎవరి మీదా కోపం లేకుండా.

చట్టం ఈ సంగతి ఆలోచించలేదని కాదు. గనుల్లో నియమాల సారాంశాన్ని ఇంగ్లీషులోనూ, నిర్ణయించిన ఇతర భాషల్లోనూ అంటించాలని 1952 గనుల చట్టం చెప్పింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఇంకా స్పష్టంగా, ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో అధికసంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోనూ అంది. 2020లో ఈ చట్టాలను కలిపి ఒకే కోడ్ చేశారు. 'అధికసంఖ్యాకులు' అన్న ఆ పాత మాట దగ్గర మనబోటివాళ్లం ఒక్క క్షణం ఆగుతాం. 1953 అక్టోబరు 1న ఈ తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరిన నాటి నుంచి మనం ఆ మాటకు అవతలి పక్కన ఉన్నాం. రాయికి మాత్రం ఎవరు అధికులో, ఎవరు అల్పులో తెలియదు. ఇది కన్నడం మీద ఫిర్యాదు కాదు. అదే బోర్డు కింద, ఇంట్లో కన్నడమే మాట్లాడినా ఏ అక్షరమూ రాని కూలిమనుషులు ఎందరో ఉండేవారు. ఈ రోజు తోరణగల్లు వైపు వెళితే హిందీ, ఒడియా మాట్లాడే కుర్రవాళ్లు కనబడతారు. నిన్నటి మా చిన్నాయన స్థానంలో ఇవాళ వాళ్లున్నారు.

భాష అడ్డం రాని సంకేతాలు పనివాళ్ల లోకంలో లేకపోలేదు. లోతుగనుల్లో గంటకొట్టు భాష ఉంది. బోను కదులుతుండగా ఒక్క దెబ్బ కొడితే ఆపమని. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారని. 1937లో కెనడాలో ఒక గనుల కంపెనీలో పనిచేసే డొనాల్డ్ హింగ్స్, మారుమూలలకు ఎగిరే విమానాల వాళ్ల కోసం మోసుకుపోయే రేడియో చేశాడు. అదే వాకీటాకీ అయింది. 1964లో స్కాట్లండు రైల్వేలో పట్టాల మీద పనిచేసేవాళ్లకు దూరానికి మెరిసే నారింజరంగు చొక్కాలు తొడిగి చూశారు. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు మిణుగురులు. ఇప్పుడు టోపీలోనే మైకూ, స్పీకరూ అమర్చిన హెల్మెట్లు వచ్చాయి. సంతోషమే. కాని ఆ స్పీకరు ఏ భాషలో మాట్లాడుతుందన్నది టోపీ చేసినవాడు తేల్చే సంగతి కాదు. అది తొడిగించేవాడు తొడుక్కునేవాణ్ణి అడిగి తెలుసుకోవాలి.

హిరేగుడ్డ మీద గొడ్డళ్ల పెచ్చులతో పాటు మరొక వింత ఉంది. అక్కడి కొన్ని నల్లబండలను రాతితో కొడితే గంటల్లా మోగుతాయి. వాటి మీద పాతకాలపు దెబ్బల గుంటలు నేటికీ ఉన్నాయి. పూజకో, పాటకో, పిలుపుకో తెలియదు గాని, ఏ భాషవాడికైనా వినబడే మోతే అది. ఆ కొండను కూడా క్వారీలు కొంత కొరికాయి.

జేజి చుట్టకుదురు చీకిపోయింది. చిన్నాయన టోపీ నా దగ్గర ఉంది. పైడిప్ప మీద రాయి తగిలిన చోట ఒక చీలిక, లోపల పట్టీలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. మీ ఇళ్లలో కూడా ఇలాంటి టోపీ, దీపం, విజిల్, తోలుతొడుగు ఏదైనా ఉంటే పారవేయవద్దు. తొడుక్కున్నదెవరు, ఎక్కడ పనిచేశారు, ఏ భాషలో హెచ్చరిక విన్నారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి దానిలోనే పెట్టండి. మన సీమ చరిత్రలో ఆ కాగితాలకు చోటుంది.