మన సముద్రంలో కాడ్ చేప ఉందా?



పోయిన ఏడు మా పెద్దమ్మాయి పురిటికి వచ్చింది. బాలింత కాడ్ చేప తింటే బిడ్డకు ఎముక పుష్టి అని ఎవరో చెప్పారట. సరేనని మావారిని పట్నం పంపించి, 'రాక్ కాడ్' అని చీటీ అంటించి ఉన్న చేపను మామూలు ధరకు రెట్టింపు పెట్టి తెప్పించాను. ఆ పూటే వాడరేవు నుంచి గంపతో వచ్చే మా చేపలావిడ దాన్ని చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇదేం వింత చేపమ్మగోరూ! వారం వారం నా గంపలో తెచ్చేదేగా. ఈపు మీద ముళ్లు చూళ్లేదా?" అంది.

డబ్బు పోయినందుకు నాకు బాధ లేదు. మెట్రిక్ చదివిన నేను చీటీ చూశాను, అక్షరం రాని ఆవిడ చేపను చూసింది. అదీ నాకు సిగ్గనిపించిన సంగతి. ఆనక అసలు కాడ్ అంటే ఏమిటా అని పుస్తకాలు తిరగేశాను. తెలిసినంత మీకూ చెబుతాను.

పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. మిరప, మిరియం అని పేర్లు రెండూ ఒక తల్లి బిడ్డల్లా వినిపిస్తాయి. కానీ మన కల్లాల్లో ఆరబోసే మిరపకు చుట్టాలు వంకాయ, టమాటా, పొగాకు. మిరియం తీగ వేరే వంశం. అలాగే నల్లరేగడిలో పండే పత్తికి బెండ, గోంగూర దగ్గర బంధువులు. నమ్మకం కలగకపోతే మూడింటి పువ్వులూ పక్కపక్కన పెట్టి చూడండి. మొక్కకు పువ్వు ఎట్లాగో, చేపకు రెక్కలు అట్లాగు.

ఈ రెక్కల లెక్కను ముందుగా పట్టుకున్నవాడు స్వీడన్ దేశపు లిన్నేయస్. 1758లో ఆయన పొట్టరెక్కలు ఎక్కడున్నాయో చూసి చేపల్ని విడదీశాడు. కొన్నింటికి అవి కడుపు దగ్గర, కొన్నింటికి రొమ్ము దగ్గర, కొన్నింటికి గొంతు కింద, కొన్నింటికి అసలే లేవు. ఉత్తర అట్లాంటిక్ చలినీళ్లలో బతికే కాడ్‌కు అవి గొంతు కింద ఉంటాయి. వీపున మూడు రెక్కలు, తోకవైపు అడుగున రెండు, గడ్డం కింద ఒక చిన్న మీసం. గట్టి ముల్లన్నది ఏ రెక్కలోనూ ఉండదు. నేను కొన్న చేపకో, వీపంతా ఒకే రెక్క, అందులో సూదుల్లాంటి ముళ్లు! కొట్టువాణ్ణి అనీ లాభం లేదు. మన దేశంలో దొరలు తమకు తెలిసిన చేప పేరే దీనికీ తగిలించారు. అదే నిలిచిపోయింది.

దీనికి మన పేరు లేకపోలేదు. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి, తీరాన దొరికే చేపలకు బొమ్మలు వేయించి, 1803లో లండనులో రెండు సంపుటాల పుస్తకం అచ్చు వేయించాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఈయన పేరే. ఆ పుస్తకంలో రెండు వందల చేపలున్నాయి. గొప్ప సంగతి ఏమిటంటే, ఆయన చాలావాటికి బెస్తలు చెప్పిన తెలుగు పేర్లే రాసుకున్నాడు. రంగురంగుల రెక్కలు విప్పే ముళ్లచేప 'కోడిపుంగి', అంటే మన కోడిపుంజే. ముట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కించేది 'తెమిరీ'. నేను 'రాక్ కాడ్' అని తెచ్చుకున్న జాతి ఆయన పుస్తకంలో 'బొంతు'. తర్వాత 1828లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఒక చేపకు శాస్త్రీయ నామంలోనే 'బొంతూ' అని పెట్టారు. అది అంతకుముందే పేరు పెట్టిన చేపేనని తేలి ఆ నామం వాడుకలో లేకుండా పోయింది. పేర్లు చెప్పిన బెస్తల్లో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు.

మరి మన సముద్రంలో అసలు కాడ్ వంశంవే లేవా అంటే, ఉన్నాయి! 1840లో థాంప్సన్ అనే ఆయన వర్ణించిన బ్రెగ్మాసెరోస్ అనే చేప బంగాళాఖాతంలోదే. జానెడు కూడా ఉండదు. నడినెత్తిన ఒంటి కొమ్ములా సన్నని రెక్కపుల్ల ఒకటి లేచి ఉంటుంది. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ మీద పనిచేసిన ఆల్కాక్ అనే డాక్టరు, 1889 మొదలు మన సముద్రాల లోతుల్లోని ఎలుకతోక చేపలను వర్ణించాడు. అవీ కాడ్‌కు చుట్టాలే.

ఈ వంశవృక్షం కూడా ఒకనాడు గీసింది కాదు. 1840లలో జర్మనీలో ముల్లర్, ముల్లు లేదన్న ఒక్క గుర్తుతో మన నాలుక చేపల వంటి బల్లపరుపు చేపలను కూడా కాడ్‌ల పక్కన కూర్చోబెట్టాడు. ఆ పొత్తు నిలవలేదు. 1966లో అమెరికా, ఇంగ్లండు పండితులు నలుగురు ఎముకల పోలికలు చూసి, గాలమేసే చేపల్ని కాడ్‌లతో ఒక పెద్ద గుంపులో చేర్చారు. జన్యువుల పరీక్ష వచ్చాక అదీ చెదిరింది. 2007లో జపాను శాస్త్రజ్ఞులు, గొట్టాల కళ్లతో లోతునీళ్లలో నిలువునా ఈదే స్టైలిఫోరస్ అనే సన్నని చేప కాడ్‌లకు అతి దగ్గరి బంధువని తేల్చారు. అప్పటిదాకా దాన్ని వేరే ఇంటి పిల్లగా ఎంచారు!

ఇక మా అమ్మాయి ఎముక పుష్టి మాట. కాడ్ కొవ్వంతా కాలేయంలో దాచుకుంటుంది, కండలో చాలా తక్కువ. దొడ్డికాళ్ల జబ్బుకూ, రేచీకటికీ పనికొచ్చిన ఏ, డి విటమినులు ఆ కాలేయపు నూనెలోవి. 1940లో జర్మన్లు నార్వేను ఆక్రమించుకున్నాక ఆ నూనె రావడం తగ్గితే, మన దేశంలో సొరచేప కాలేయం నుంచి నూనె తీశారు. సొర కాడ్‌కు ఏమీ కాదు, అయినా పని జరిగింది. అట్లాగని ఎవరికి వారు తాగేయకండి. 'ఏ' విటమిను మితిమీరితే గర్భంలోని బిడ్డకు హాని. డాక్టరుగారిని అడిగే పుచ్చుకోవాలి.

చివరికి ఆ కాడ్‌కు పట్టిన గతి వినండి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరాన ఎంత పట్టినా తరగదనుకున్నారు. పెద్ద ఓడలు అదేపనిగా వలవేశాక 1992లో వేటే నిలిపేయవలసి వచ్చింది. ముప్పై వేల మందికి పైగా పని పోయింది. కొద్దిగా తిరిగి తెరవడానికి 2024 దాకా పట్టింది.

మన తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లు వేటకు పోరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ మా చేపలావిడ గంప ఖాళీగా ఉంటే ఇదివరకు విసుక్కునేదాన్ని. ఇప్పుడు విసుక్కోను. ఆమెకు ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడుస్తుందో మాత్రం అడుగుతున్నాను.

మీరూ ఈసారి చేప కొన్నప్పుడు చీటీ కాదు, రెక్కలు చూడండి. పేరు గంప దించిన మనిషిని అడగండి. సెలవు.