ఫొటోలో బొమ్మను జరపడం ఎలా? జరిపిన చోట ఏం మిగులుతుంది?

1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రం కోసం నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక గిజా పిరమిడ్లను ఒకదానికొకటి దగ్గరికి జరిపింది. అడ్డంగా తీసిన ఫొటో నిలువు కవర్‌లో పట్టకపోవడమే కారణం. సైటెక్స్ అనే ఖరీదైన కంప్యూటర్ వ్యవస్థ ఉంటే తప్ప సాధ్యం కాని ఆ పనిని ఇప్పుడు ఫోనే చేసిపెడుతోంది.

పోస్టర్, శుభలేఖ, ఫ్లెక్సీ లాంటివాటిలో జరపడం తేలిక. అక్షరాలు, లోగో, ఫొటో వేర్వేరు లేయర్లపై ఉంటాయి. లేయర్లంటే ఒకదానిపై ఒకటి పేర్చిన పారదర్శక షీట్లనుకోవచ్చు. ఫొటోషాప్‌లోకి ఇవి 1994లో 3.0 వెర్షన్‌తో వచ్చాయి. కావలసిన లేయర్‌ను ఎంచుకుని, 'వి' కీ నొక్కి మూవ్ టూల్‌తో లాగితే చాలు. యారో కీ ఒక పిక్సెల్, షిఫ్ట్‌తో కలిపి నొక్కితే 10 పిక్సెళ్లు జరుపుతుంది. ఉచితంగా దొరికే గింప్‌లో ఇదే టూల్‌కు 'ఎం' కీ. కొత్తవారు ఎక్కువగా తడబడేది లేయర్ ఎంపికలోనే. పేరును జరపబోతే వెనకున్న ఫొటో మొత్తం కదిలిపోతుంది.

అసలు కష్టం ఒకే పొరగా ఉన్న మామూలు ఫొటోతో. అందులో మనిషిని ఎంపిక చేసి, కట్ చేసి, కొత్త లేయర్‌పై పేస్ట్ చేసి జరపాలి. అప్పుడు పాత చోట ఖాళీ పడుతుంది. ఆ మనిషి వెనక ఏముందో కెమెరా చూడలేదు కాబట్టి అక్కడ ఏది నింపినా ఊహే. 2012లో ఫొటోషాప్ సీఎస్6తో వచ్చిన కంటెంట్ అవేర్ మూవ్ చుట్టుపక్కల పిక్సెళ్లను బట్టి ఆ చోటు నింపుతుంది. ఇసుక, గడ్డి, ఆకాశమైతే బాగానే కుదురుతుంది. ఇటుక గోడ, టైల్స్ దగ్గర గీతలు కలవక దొరికిపోతుంది. నీడనూ వెంట తీసుకెళ్లాలి. ఎండలో నీడలన్నీ ఒకే వైపు పడతాయి. అదే వీధి దీపం కిందైతే, మనిషి చోటు మారగానే నీడ దిశా మారుతుంది. వెనక్కి జరిపితే మనిషిని చిన్నగానూ చేయాలి.

2023 మేలో గూగుల్ చూపిన మ్యాజిక్ ఎడిటర్ ఇంకో అడుగు వేసింది. బెలూన్లతో బెంచీపై కూర్చున్న పిల్లాడిని మధ్యకు జరిపితే, ఫ్రేమ్‌లో లేని బెంచీ భాగాన్నీ బెలూన్లనూ అదే గీసిచ్చింది. కుటుంబ ఆల్బమ్‌కు ఇది ముచ్చటే.

వార్తా చిత్రానికి కాదు. 2010 సెప్టెంబర్‌లో వైట్‌హౌస్‌లో ఒబామా ముందు నడవగా, ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్ వెనక ఉన్నారు. అక్కడి ప్రభుత్వ పత్రిక అల్ అహ్రామ్ ఆయనను అందరికంటే ముందుకు తెచ్చి అచ్చేసింది. 2015 డిసెంబర్‌లో చెన్నై వరదలను ప్రధాని గాల్లోంచి చూస్తున్న ఫొటోలో కిటికీ అవతలి దృశ్యాన్ని మార్చి పీఐబీ ట్వీట్ చేసింది. విమర్శలు రావడంతో తొలగించి, రెండు చిత్రాలను కలిపామని చెప్పింది.

ఈ రెండూ బయటపడ్డాయంటే పోల్చడానికి అసలు ఫొటోలు ఉన్నాయి. అల్ అహ్రామ్ మార్పును పట్టుకున్నది ఒక ఈజిప్టు బ్లాగర్. ఒకే ఫోన్‌లో తీసి, అందులోనే జరిపి, వాట్సాప్‌లో వదిలిన చిత్రానికి అలాంటి రెండో ప్రతి ఉండదు. అప్పుడు చూడాల్సింది ఆ నీడలు, గోడ గీతలే.