అక్కరమాశి
మరాఠీ దళిత రచయిత శరణ్‌కుమార్ లింబాళె ఆత్మకథ ఇది, 1984లో వచ్చింది. తులానికి 12 మాషాలు. ఒకటి తక్కువైతే అక్కరమాశి. పెళ్లి బంధానికి బయట పుట్టినవారిని ఆ మాటతో ఎత్తిపొడిచేవారు.

లింబాళె 1956లో మన షోలాపూరు జిల్లా హన్నూరులో పుట్టారు. తల్లి మహార్ కులస్థురాలు, తండ్రి పాటిల్. కొడుకని ఆయన ఒప్పుకోలేదు. పెంచింది అమ్మమ్మ సంతామాయి, ఆమెతో కలిసి బతికిన మహమూద్ దస్తగీర్. ఆయన బస్టాండులో హమాలీ. పేడలోంచి ఏరిన గింజలు కడిగి, విసిరి అమ్మమ్మ తనకు రొట్టె చేసుకునేది. మనవడికి మాత్రం మంచి పిండి రొట్టె. అడిగి ఆమె రొట్టె కొరికాడు, పేడ వాసన. అక్కడ మేము పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాం.

బడిలో తండ్రి పేరు రాయడమే పెద్ద గొడవైంది. ధ్రువపత్రాలకు తాతల కాగితాలు వెతుక్కునే మన ఇళ్లకు ఆ భాగం బాగా తెలుస్తుంది. మరాఠీ రానివారికి సంతోష్ భూమ్‌కర్ ఇంగ్లీషు అనువాదం ఉంది.