సున్నా బిల్లు కట్టేదెవరు?

కరెంటు బిల్లు మీద సున్నా చూసి, బోథ్ పల్లెల్లో చాలామంది "సర్కారు మాఫీ చేసింది" అంటారు. మాఫీ కాదది, మన బదులు ఇంకొకరు కట్టడం.

పద్ధతి పాతదే. 1983 ప్రాంతంలో బావి మోటార్లకు మీటరు లెక్క తీసేసి, హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు పెట్టారు. 2004 మే నెలలో అదీ పోయి ఉచితమైంది. షెడ్యూల్డు కులాల, తెగల ఇళ్లకు కొంత రాయితీ ముందునుంచీ ఉన్నది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి వచ్చింది: తెల్ల రేషన్ కార్డు ఉండి, నెలకు 200 యూనిట్లు దాటని ఇంటికి సున్నా బిల్లు. 201వ యూనిట్ తిరిగిందా, ఆ ఒక్కదానికే కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలె!

మరి పైకం ఎక్కడిది? మనకు కరెంటు పంచే ఉత్తర మండల కంపెనీ లెక్క గట్టి రాష్ట్ర ఖజానాను అడుగుతుంది. ఖజానాలోది మనం సబ్బు కొన్నా, బీడీ కట్ట కొన్నా కట్టే పన్నే గదా. కొంత భారం కార్ఖానాల రేట్లలోనూ కలుపుతారు. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ గట్టిగానే చెప్పింది: రాయితీ ఇచ్చే ప్రభుత్వం సొమ్ము ముందుగా కట్టాలి, కట్టకుంటే ఆ రాయితీ చెల్లదు. ఆలస్యమైతే కంపెనీకి అప్పే దిక్కు, వడ్డీ వేరే. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ బాగుచెయ్యడానికి డబ్బు కావాల్సింది ఆ కంపెనీకే.

అర్హత ఉండీ బిల్లు వస్తుంటే, కార్డు నంబరు, సర్వీసు నంబరు సరిగ్గా ఎక్కినవో లేదో మండల పరిషత్ ఆఫీసులో అడగండి.