డంపింగ్ యార్డు ప్రతిపాదన: ముంబయి అనుభవం నుండి గ్రామాలు తెలుసుకోవలసినవి

సరిహద్దు మండలాల నుండి బతుకుతెరువుకై ముంబయి వెళ్లిన కుటుంబాలకు కామాఠీపురా పేరు కొత్తది కాదు. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుండి వెళ్లి నిర్మాణ పనులు చేసిన కామాఠీల వల్లనే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగిన తరువాత, అంతకు ముందు బురదనేలగా ఉన్న చోట ఈ పేట వెలసింది. ఆ చుట్టుపక్కల పల్లపు నేలలను పూడ్చడానికి నగరపు ఊడ్పు చెత్తను సైతం వాడారు. తరువాతి కాలంలో చెత్త నగరపు అంచులకు తరలింది. ఏ నగరంలోనైనా జరిగేది ఇదే: చెత్త పుట్టే చోటు ఒకటి, దానిని భరించే చోటు మరొకటి.

దేవనార్ పాఠం

దేవనార్ డంపింగ్ యార్డు 1927లో మొదలయింది. అడుగున ఏ రక్షణ పొర లేకుండా దశాబ్దాల తరబడి చెత్త పోయడం వలన అది గుట్టలుగా పెరిగింది. 2016 జనవరిలో అక్కడ చెలరేగిన మంటల పొగ ఉపగ్రహ చిత్రాలలో సైతం కనిపించింది. 1967లో ప్రారంభమైన ములుంద్ యార్డు 2018లో మూతపడింది. కాంజుర్‌మార్గ్ స్థలం రక్షిత అటవీ భూమి అని 2025 మే నెలలో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పగా, అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. తెలంగాణలో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్ వద్ద ప్రతిపాదించిన యార్డుపై 2025లో సమీప గ్రామాల ప్రజలు ఆందోళన చేశారు.

ప్రమాదం ఎక్కడ?

తడి చెత్త కుళ్లినప్పుడు నల్లని ఊట దిగుతుంది. అడుగున పొర లేకపోతే అది భూమిలోకి ఇంకి బావులను, బోర్లను చేరుతుంది. గాలి చొరబడని లోపలి పొరలలో మీథేన్ వాయువు పుడుతుంది. మంటలు లేచి రోజుల తరబడి ఆరకపోవడానికి ఇది ముఖ్య కారణం.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ల్యాండ్‌ఫిల్‌కు ఈ హద్దులు విధించాయి:

• నదికి 100 మీటర్ల దూరం
• చెరువు, నివాసాలు, జాతీయ రహదారి వంటి పెద్ద రోడ్లు, తాగునీటి బావులకు 200 మీటర్ల దూరం
• అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దానిపై 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర
• భూగర్భ జలమట్టానికి కనీసం 2 మీటర్ల ఎత్తులో అడుగు భాగం

2026లో వీటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చినందున, ప్రతిపాదన దేని ప్రకారం తయారయిందో ముందుగా అడగాలి.

ప్రజాభిప్రాయ సేకరణ

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ వర్తించే ప్రాజెక్టుకు కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో లభించాలి. సభకు జిల్లా కలెక్టరు గాని, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహిస్తారు. సభలో చెప్పిన మాటలను నమోదు చేసి, ఆ సభలోనే స్థానిక భాషలో చదివి వినిపించాలి. సభకు రాలేనివారు లిఖితపూర్వకంగా అభ్యంతరాలు పంపవచ్చు.

సరిహద్దు గ్రామాలకు ప్రత్యేకం

స్థలం రెండు రాష్ట్రాలలో విస్తరించి ఉంటే రెండింటిలోనూ సభ జరగాలి. స్థలమంతా అవతలి రాష్ట్రంలో ఉండి, వాగు మాత్రం ఇవతలికి పారుతున్నట్లయితే, ఇవతలి గ్రామాలు వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలుపుకోవడం మేలు. మహారాష్ట్ర వైపు పత్రాలు మరాఠీలో ఉంటాయి గనుక మరాఠీ చదవగలవారి చేత చదివించుకోవాలి. పర్యావరణ అనుమతి వచ్చిన తరువాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు పొడిగించవచ్చు. మహారాష్ట్ర ప్రాజెక్టులకు పుణె బెంచి, తెలంగాణ ప్రాజెక్టులకు చెన్నై బెంచి.

సభకు వెళ్లేముందు స్థలపు సర్వే నంబరు, భూమి స్వభావం, ఊరి బావుల దూరం, వర్షాకాలంలో నీరు పారే దిశ వ్రాసి ఉంచుకోవాలి. బావుల నీటిని ముందుగానే పరీక్ష చేయించి నివేదిక దాచుకుంటే, తరువాత నీరు చెడినప్పుడు చూపడానికి ఆధారం ఉంటుంది.